పదిహేనేళ్ల అమ్మాయి నోటి మీంచి చెయ్యి ఎలా దించాలి? నా టీనేజ్ నవలకు సలహా కావాలి

నీలిసిరా:
అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా ఒక టీనేజ్ నవల రాస్తున్నాను. ఇరవై నాలుగు అధ్యాయాలు, మొదటి డ్రాఫ్ట్ పూర్తయింది. అధ్యాయాల సారాంశాలు విడిగా జతచేశాను. కథ చిన్నదే. పదిహేనేళ్ల అమ్మాయి, పై పళ్లు కాస్త ఎత్తు. నవ్వు వస్తే చాలు, చెయ్యి నోటి మీదికి వెళ్లిపోతుంది. మాట్లాడేటప్పుడు కూడా పెదవులు పూర్తిగా తెరవదు. తన కథ తనే చెప్పుకుంటుంది. పేరు ఇంకా కుదరలేదు కాబట్టి ఇక్కడ "అమ్మాయి" అనే అంటాను.

ఇరవై రెండో అధ్యాయంలో స్కూలు వార్షికోత్సవం. మాట్లాడాల్సిన వాళ్లు ఆఖరి నిమిషంలో రారు. అమ్మాయి మైకు ముందుకు వెళ్లి ఐదు నిమిషాలు మాట్లాడుతుంది. హాలంతా చప్పట్లు. అక్కడి నుంచి ఆమె కొత్త మనిషి. ఆ సీను రాస్తున్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

మా అక్క కూతురికి పద్నాలుగేళ్లు. దానికి చదవమని ఇచ్చాను. ఇరవై ఒకటో అధ్యాయం దాకా రెండు రోజుల్లో చదివేసింది. ఇరవై రెండు కూడా చదివి, "పిన్నీ, ఇక్కడి నుంచి నువ్వు రాశావు" అంది. మరి ముందంతా ఎవరు రాశారే అంటే, "ముందంతా ఆ అమ్మాయే చెప్పింది" అంది.

వారం రోజులుగా ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది. ఆత్మవిశ్వాసం పుస్తకంలో ఎలా వస్తే మీరు నమ్ముతారు? మొహమాటపడకుండా చెప్పండి.

పాతపేజీ:
ముందు మీ అక్క కూతురికి నా అభినందనలు చెప్పండి. ఏ సంపాదకుడైనా మూడు పేజీలు రాసి చెప్పేది ఒక్క మాటలో చెప్పేసింది.

మైకు సీనులో నాకు కనిపించే చిక్కు ఇది. చప్పట్లు కొట్టింది హాలు. నిన్నటిదాకా తనను ఎవరెలా చూస్తున్నారో అని కుమిలిపోయిన పిల్లకి, ఈ రోజు అదే జనం "బాగున్నావు" అని చెప్పారు. తాళం చెవి ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది కదండీ. రేపు అదే హాలు గేలి చేస్తే మీ అమ్మాయి మళ్లీ ఒకటో అధ్యాయంలోనే ఉంటుంది.

సుద్దముక్క:
పంతొమ్మిదేళ్లుగా హైస్కూల్లో పాఠాలు చెబుతున్నాను. మీ అమ్మాయి లాంటి పిల్లలు నా ప్రతి క్లాసులోనూ ఉన్నారు. వాళ్లను ఎలా గుర్తుపడతానో చెబుతాను, మీకు పనికొస్తుందేమో చూడండి.

ప్రశ్న అడగ్గానే కొందరు పిల్లలు చెయ్యెత్తుతారు, కొందరు తల దించుకుంటారు. ఈ రెండూ కాక మూడో రకం ఒకటుంది. జవాబు నోటుబుక్కు ఆఖరి పేజీలో చిన్న అక్షరాలతో రాసుకుని, అరచెయ్యి అడ్డం పెట్టుకుంటారు. వేరే ఎవరో అదే జవాబు చెప్పగానే తమలో తాము చిన్నగా తల ఊపుతారు. ఆ తల ఊపడంలో సంతోషం ఉంటుంది, బాధా ఉంటుంది. తెలియక ఊరుకున్న పిల్ల కాదు కదా, తెలిసీ ఊరుకుంది.

ఈ పిల్లల్లో మార్పు వేదిక మీద వచ్చినట్టు నేనెప్పుడూ చూడలేదు. నేను చూసింది వేరు. ఒక రోజు అడ్డం పెట్టిన ఆ చెయ్యి రెండంగుళాలు పక్కకు జరుగుతుంది, పక్కన కూర్చున్న పిల్లకి ఆ అక్షరాలు కనిపించేంత. ఆ రోజుకి అంతే. మీ నవలలో అలాంటి రెండంగుళాలు ఎక్కడున్నాయి?

మనోవీధి:
నేను మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను కాబట్టి ఆ వైపు నుంచి రెండు మాటలు. డేవిడ్ ఎల్కిండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1967లో ఈ వయసు గురించి ఒక వ్యాసం రాశాడు. యుక్తవయసు పిల్లల చుట్టూ ఒక "ఊహా ప్రేక్షక వర్గం" ఉంటుందన్నాడు. వాళ్లు నడిచినా, కూర్చున్నా, దగ్గినా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. తన గురించి తను ఎంతగా ఆలోచిస్తోందో, పక్కవాళ్లూ తన గురించి అంతే ఆలోచిస్తున్నారని ఆ వయసు మనసు లెక్కవేస్తుంది. దీనికి జంటగా ఆయన ఇంకొకటి చెప్పాడు: నాకు కలిగినంత బాధ ప్రపంచంలో ఇంకెవరికీ కలిగి ఉండదన్న నమ్మకం. మీ అమ్మాయి ఈ రెండింటి మధ్యా ఇరుక్కుని ఉంది.

2000లో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కాలేజీ విద్యార్థులకు, వేసుకుంటే సిగ్గుపడేలా ఒక గాయకుడి బొమ్మున్న టీషర్టు వేసి, మిగతావాళ్లు కూర్చున్న గదిలోకి పంపారు. బొమ్మను ఎంతమంది గమనించి ఉంటారని తర్వాత అడిగితే, సుమారు సగం మంది అని అంచనా వేశారు. నిజంగా గమనించింది పావు వంతు మందే. చూసేవాళ్లు మనం అనుకున్నంత మంది ఉండరు. ఈ సంగతి అమ్మాయికి తెలిసిన క్షణమే కథకు మలుపు కావొచ్చు.

మూడోబెంచి:
నాకు పదహారేళ్లు. ఇక్కడ మామూలుగా చదవడమే తప్ప రాయను. కానీ ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

దయచేసి "నిన్నెవరూ చూడట్లేదు" అనే సీను పెట్టొద్దు అక్కా. చూస్తారు. పావు వంతు మంది చూశారని పైన ఆయనే చెప్పారు కదా. నలభై మంది ఉన్న క్లాసులో పావు వంతు అంటే పది మంది. నవ్వడానికి ఇద్దరు చాలు. గ్రూప్ ఫొటో రాగానే ఎవరి ముఖం వాళ్లు రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చూసుకుంటారు, తర్వాత పక్కవాళ్ల ముఖం చూస్తారు. నా ముఖం మీద ఒకరు గుండ్రంగా గీత గీసి గ్రూపులో పెట్టారు. అది నా ఊహ కాదు.

పెద్దవాళ్లు రాసిన ఇలాంటి పుస్తకాల్లో చివరికి "అదంతా నీ మనసులోనే ఉంది" అని తేలుస్తారు. అది చదివినప్పుడు నాకు ఇంకా ఒంటరిగా అనిపిస్తుంది. జరిగినదాన్ని కూడా జరగలేదన్నట్టు ఉంటుంది.

మనోవీధి:
నువ్వు చెప్పింది నిజం. నేను ఒక వైపే చెప్పాను. ఊహా ప్రేక్షకులు ఉన్నంత మాత్రాన నిజం ప్రేక్షకులు లేరని కాదు. ఆ ఫొటో సంగతికి చాలా బాధగా ఉంది. అలా చేసినవాళ్లది తప్పు. నువ్వు ఎక్కువగా ఊహించుకోవడం అందులో ఏమీ లేదు.

నీలిసిరా:
చెల్లీ, రాసినందుకు చాలా థాంక్స్. నా డ్రాఫ్టులో పదిహేడో అధ్యాయంలో అచ్చం నువ్వన్న వాక్యమే ఉంది. అమ్మ పాత్ర చేత "అదంతా నీ భ్రమే" అనిపించాను, అదే ఓదార్పు అనుకుని. ఆ పేజీ మళ్లీ తెరిచి చూసుకున్నాను. కొట్టేస్తున్నాను.

ఇంకో సందేహం. ఆఖరి అధ్యాయంలో అమ్మాయికి పళ్లకు క్లిప్పులు వేయిస్తారు. అది ఉంచనా, తీసెయ్యనా?

పాతపేజీ:
తీసెయ్యండి. రూపం మారితే కథ తేలిపోతుంది. ఆర్.జె. పలాసియో 2012లో రాసిన "వండర్" ఇంకాస్త చిన్న పిల్లల కోసం రాసిన నవల. అందులో పుట్టుకతోనే ముఖం వేరుగా ఉన్న కుర్రాడి ముఖం చివరి పేజీలోనూ అలాగే ఉంటుంది. పైగా కథ మధ్యలో అక్క, స్నేహితులు కూడా తమ వంతు చెబుతారు. వాళ్ల బెంగలు వాళ్లకున్నాయని అప్పుడు మనకు తెలుస్తుంది. ఆ పుస్తకం బలం అందులోనే ఉందని నా అభిప్రాయం.

కిటికీపక్కన:
పాతపేజీ గారితో నేను సగమే ఏకీభవిస్తాను. క్లిప్పులు వేయించుకోవడం తప్పేం కాదు. వేయించుకున్నదాన్ని నేను. దాన్ని ఓటమిలా చూపిస్తే, వేయించుకున్న పిల్లలందరినీ చిన్నబుచ్చినట్టవుతుంది.

కానీ క్లిప్పుల గురించి ఎవరూ రాయని సంగతి ఒకటుంది. పధ్నాలుగో ఏట వేశారు, పదహారో ఏట తీశారు. తీసిన రోజు నాలుకతో పళ్ల ముందు భాగం తడిమి చూసుకుంటే గాజులా నున్నగా ఉంది, నావి కానట్టే అనిపించాయి. అద్దంలో వరుసగా, చక్కగా ఉన్నాయి. ఆ సాయంత్రం మా అన్నయ్య ఏదో అన్నాడు, పకపకా నవ్వాను. చెయ్యి నోటి మీదికి వెళ్లిపోయింది. అక్కడ దాచాల్సింది ఏమీ లేదు. అయినా వెళ్లింది. ఆ తర్వాత రెండేళ్లు అలా వెళుతూనే ఉంది. పళ్లు సరైపోయాయని నా చేతికి ఎవరూ చెప్పలేదు మరి.

అందుకే అంటున్నాను. క్లిప్పులు పెట్టాలనుకుంటే ఆఖర్లో బహుమతిలా కాకుండా మధ్యలో పెట్టండి. పళ్లు సరయ్యాక కూడా చెయ్యి లేస్తుందని రాయండి. అప్పుడు మీ నవల పళ్ల గురించి కాదని చదివేవాళ్లకే తెలిసిపోతుంది.

నీలిసిరా:
కిటికీపక్కన గారూ, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఏడాదిన్నరగా ఆ చెయ్యి గురించే రాస్తున్నాననుకున్నాను. తీరా చూస్తే నేను రాసిందంతా పళ్ల గురించే.

అయితే మరి చెయ్యి ఎలా దిగుతుంది? మీకు ఎలా దిగింది?

కిటికీపక్కన:
ఎప్పుడు దిగిందో నిజంగా తెలియదండీ. ఒక రోజు పాత ఫొటోలు చూస్తుంటే ఒక దాంట్లో నోరంతా తెరిచి నవ్వుతూ ఉన్నాను. రెండు చేతుల్లోనూ చంటిపిల్ల ఉంది. మా అక్క కూతురు. పిల్లను పడేస్తానేమో అన్న భయంలో చెయ్యి సంగతే మర్చిపోయి ఉంటాను.

తెరవెనుక:
కిటికీపక్కన గారి చంటిపిల్ల మాట చదవగానే నాకు ఒకటి తట్టింది. నేను ఔత్సాహిక నాటకాల్లో చాలా ఏళ్లు పనిచేశాను, ఎక్కువగా ప్రాంప్టర్‌గా. మీ అమ్మాయిని మైకు ముందు కాకుండా సైడ్ వింగ్‌లో, అంటే వేదిక పక్కన తెర చాటున కూర్చోబెడితే?

ప్రాంప్టింగ్ గురించి తెలియనివాళ్ల కోసం చెబుతాను. ప్రాంప్టర్ స్క్రిప్టు పట్టుకుని చీకట్లో కూర్చుంటాడు. స్క్రిప్టు మీద చిన్న లైటు ఒకటి ఉంటుంది. కళ్లు ఒకసారి కాగితం మీద, ఒకసారి నటుడి ముఖం మీద. నటుడు మాట మర్చిపోవడానికీ, కావాలని ఆగడానికీ తేడా పట్టుకోవాలి. నాటకంలో ఆగాల్సిన చోట తొందరపడి అందిస్తే సీను పాడవుతుంది. ఆలస్యం చేస్తే నటుడు అక్కడే నీళ్లు నములుతాడు. మరిచిపోయినవాడి కళ్లు ఒక్క క్షణం ఎటూ చూడవు, కనుగుడ్లు ఆగిపోతాయి. రిహార్సల్స్‌లో పదిసార్లు చూస్తే గానీ అది పట్టుబడదు. పట్టుబడ్డాక వాక్యంలోని మొదటి రెండు మాటలు అందిస్తే చాలు, మిగతాది వాడికే వచ్చేస్తుంది.

ఇక్కడ మీ కథకు పనికొచ్చే సంగతి ఉంది. అందించే గొంతు ముందు వరసకు వినపడకూడదు, నటుడికి మాత్రం స్పష్టంగా చేరాలి. గొంతు పెంచడానికి వీల్లేదు కాబట్టి ప్రతి అక్షరాన్నీ పెదవులతో చెక్కినట్టు పలకాలి. పెదవులు బాగా తెరవాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ప్రాంప్టర్ మాట ఎవరికీ అందదు.

మార్జిన్‌నోట్:
తెరవెనుక గారూ, ఇది బంగారం లాంటి సలహా. నీలిసిరా గారూ, దీన్ని వదులుకోకండి. ప్రాంప్టర్ అంటే ఎవరూ చూడని చోట కూర్చుని అందరినీ చూసే మనిషి. తనను తప్ప ఇంకెవరినీ చూడలేకపోయిన పిల్లకి అంతకంటే మంచి పని ఏముంటుంది?

రచనా పద్ధతి గురించి ఒక మాట. మీ కథ ఉత్తమ పురుషలో ఉంది. ఇలాంటి పాత్రకు అదే సరైనది, అదే ప్రమాదం కూడా. ఒక పని చేసి చూడండి. ఏవైనా రెండు అధ్యాయాలు ప్రింటు తీసుకుని, "నా పళ్లు", "నా నోరు", "నన్ను చూసి" అని వచ్చిన ప్రతి చోటా ఎర్ర పెన్నుతో గీత గీయండి. మొదటి అధ్యాయాల్లో పేజీ ఎర్రబడిపోవాలి. తర్వాత తర్వాత ఆ గీతలు పల్చబడాలి. "నాకు ధైర్యం వచ్చింది" అని ఎక్కడా రాయనక్కర్లేదు. అమ్మాయి ఎదుటివాళ్ల గురించి చెప్పే వాక్యాలు పెరిగితే చాలు. ఫలానా అబ్బాయి డైలాగు మరిచిపోయే ముందు చెవి గోక్కుంటాడు, ఫలానా అమ్మాయి ఏడుపు సీనులో నిజంగానే ఏడుస్తుంది. ఇలాంటివి ఆమె చెబుతూ ఉంటే, ఆమె బయటికి వచ్చేసిందని పాఠకులకే తెలుస్తుంది.

మొదట్లో మీ అక్క కూతురు అన్నదీ బహుశా ఇదే. ఇరవై రెండో అధ్యాయంలో అమ్మాయి చూపు పోయి, మీ చూపు వచ్చింది.

నీలిసిరా:
రాత్రి ఎర్ర పెన్నుతో కూర్చున్నాను. మూడో అధ్యాయంలో నలభై ఒక్క గీతలు వచ్చాయి. ఇరవయ్యో అధ్యాయంలో ముప్పై ఎనిమిది. అంటే నా అమ్మాయి నవలంతా ఒకే చోట నిలబడి ఉంది. ఏకంగా మైకు దగ్గరికి ఎగిరి దూకింది.

మరో విషయం. కథలో ఒక అబ్బాయి ఉన్నాడు. "నీ నవ్వు బాగుంటుంది" అని అతను అన్న దగ్గర్నుంచి అమ్మాయి మారడం మొదలవుతుంది. అది కూడా తీసెయ్యాలా?

మనోవీధి:
అబ్బాయిని ఉంచండి. ఆ మాటకు మాత్రం అంత బరువు పెట్టకండి. ఆల్బర్ట్ బండూరా 1977లో, "ఈ పని నేను చేయగలను" అన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని చెప్పాడు. స్వయంగా చేసి గెలవడం, మనలాంటి వాళ్లు చేస్తుంటే చూడడం, ఎవరైనా నువ్వు చేయగలవని చెప్పడం, గుండె దడ లాంటి ఒంటి సంకేతాలను మనం అర్థం చేసుకునే తీరు. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిది. ఒకరు చెప్పిన మాట దాని ముందు బలహీనం, ఎదురుదెబ్బ తగిలితే చాలు చెదిరిపోతుంది.

నాలుగోది కూడా మీకు పనికొస్తుంది. అరచేతుల్లో చెమట మొదట్లోనూ పడుతుంది, చివర్లోనూ పడుతుంది. మొదట్లో దాన్ని "నా వల్ల కాదు" అని చదువుకున్న పిల్లే, చివరికొచ్చేసరికి "మొదలవబోతోంది" అని చదువుకుంటుంది.

మూడోబెంచి:
అబ్బాయి సంగతి నేను చెబుతాను అక్కా. నన్ను ఎవరైనా బాగున్నావు అంటే నేను నమ్మను. ఎందుకన్నారా అని రెండు రోజులు ఆలోచిస్తాను. నోట్స్ కావాలా, పందెం కట్టారా, జాలిపడ్డారా అని. అబ్బాయి ఆ మాట అంటే అమ్మాయి ఆ రోజు ఇంకా గట్టిగా నోరు మూసుకోవాలి. అప్పుడు నమ్ముతాను.

సుద్దముక్క:
అక్షరాలా నిజం, తల్లీ. పొగిడితే ముడుచుకుపోయే పిల్లలను నేను చూశాను. "నీ నవ్వు బాగుంది" అన్నదానికంటే "నిన్న నువ్వు అందించిన మాట సరిగ్గా సమయానికి అందింది" అన్నది ఎక్కువ పనిచేస్తుంది. చేసిన పని కళ్ల ముందుంటుంది, కాదనడానికి వీలుండదు.

నీలిసిరా గారికి ఒక మనవి కూడా. మీ పన్నెండో అధ్యాయం సారాంశంలో అమ్మాయి నెల రోజులు బడి మానేస్తుందని, నలుగురిలో కూర్చుని తినలేకపోతుందని రాశారు. అది మామూలు సిగ్గు, బిడియం కాదండీ. అంతదాకా వెళ్లిన పిల్లకు కౌన్సెలర్ సాయమో, డాక్టరు సాయమో కావాలి. నాటకంతో నయమైపోయినట్టు రాస్తే, అలాంటి స్థితిలో ఉన్న పిల్లలు తమలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. అయితే ఆ అధ్యాయం తీవ్రత తగ్గించండి, లేదంటే సాయం అందినట్టు చూపించండి.

నీలిసిరా:
సరైన సమయంలో చెప్పారు మేడం. నెలను మూడు రోజులు చేస్తాను. ఆ రోజుల్లో అమ్మాయి ఏం చేస్తుందో దగ్గరగా రాస్తాను.

పాతపేజీ:
మూడోబెంచిని ఉద్దేశించి ఒక మాట. ఎస్.ఇ. హింటన్ "ది అవుట్‌సైడర్స్" 1967లో అచ్చయినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్లు. మనోవీధి గారు చెప్పిన ఎల్కిండ్ వ్యాసమూ అదే ఏడాది వచ్చింది. ఒకరు ఆ వయసు గురించి రాశారు, ఇంకొకరు ఆ వయసులోంచే రాశారు. నువ్వూ రాయి అమ్మా. ఈ చర్చలో అందరికంటే సూటిగా మాట్లాడింది నువ్వే.

మూడోబెంచి:
థాంక్యూ అండి. రాస్తానో లేదో తెలియదు.

ఒకటి అడగాలి. నాటకం అయ్యాక మర్నాడు ఎవరైనా ఆమెను మళ్లీ ఏడిపిస్తారా? ఏడిపించాలి. మా స్కూల్లో అయితే కచ్చితంగా ఏడిపిస్తారు. ఫొటో జరిగిన తర్వాత నేను ఇరవై రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మొన్న ఒకరు ఇంకేదో అన్నారు. మధ్యాహ్నం దాకా బాధపడ్డాను, తర్వాత లెక్కల పరీక్ష ఉంటే చదువుకోవడానికి వెళ్లిపోయాను. నాకు ధైర్యం వచ్చిందని కాదు. మధ్యాహ్నానికి అయిపోయింది, అంతే. అది కూడా పెడతారా?

నీలిసిరా:
పెడతాను. ఇరవై మూడో అధ్యాయం అదే.

నాలుగు రోజులు కూర్చుని ఇరవై రెండు మళ్లీ రాశాను. మైకు లేదు, చప్పట్లు ఉన్నా అవి నటులకే. అసలు చోటు మాత్రం ఇక్కడ పెడుతున్నాను, చూసి చెప్పండి.

"రెండో అంకం. రాజు పాత్ర వేసినవాడు చెవి గోక్కున్నాడు. నేను కాగితం మీద వేలు పెట్టాను. వాడి కళ్లు ఆగిపోయాయి. 'ఈ కోట' అన్నాను. వాడికి వినపడలేదు. మళ్లీ అన్నాను. వాడు మెడ తిప్పకుండా నా వైపు కళ్లు మాత్రం తిప్పాడు, ఆ కళ్లల్లో నీళ్లున్నాయి. హాల్లో ఎవరో దగ్గారు. అప్పుడు నా చెయ్యి నోటి మీద ఉందని నాకు తెలిసింది. చెయ్యి దించాను. పెదవులు పూర్తిగా తెరిచి, 'ఈ కోట గోడలు' అన్నాను. వాడు ఊపిరి పీల్చుకున్నాడు. 'ఈ కోట గోడలు విన్న మాటలు నేనూ విన్నాను' అంటూ అందుకున్నాడు. నేను తర్వాతి వాక్యం మీదికి వేలు జరిపాను."

తెరవెనుక:
చదువుతుంటే నా వేలు కూడా కదిలింది. చెవి గోక్కోవడం బాగా వాడుకున్నారు. చిన్న సవరణ ఒకటి. ప్రాంప్టర్ రెండోసారి అదే మాట అందించదు, ఇంకో మాట కలిపి అందిస్తుంది. "ఈ కోట", తర్వాత "ఈ కోట గోడలు". మధ్యలో "మళ్లీ అన్నాను" అక్కర్లేదు.

కిటికీపక్కన:
నాకు గొంతు పట్టేసింది. ఇంకేమీ రాయలేను.

మూడోబెంచి:
చాలా బాగుంది అక్కా. ఒక్కటి మాత్రం. "అప్పుడు నా చెయ్యి నోటి మీద ఉందని నాకు తెలిసింది. చెయ్యి దించాను." ఈ రెండు వాక్యాలు వద్దు. ఆమెకు తెలియకూడదు. కిటికీపక్కన గారికి ఫొటో చూసేదాకా తెలియలేదు కదా.

మార్జిన్‌నోట్:
మూడోబెంచి చెప్పినట్టే చేయండి.

నీలిసిరా:
తీసేశాను. "మళ్లీ అన్నాను" కూడా తీసేశాను. ఇప్పుడు ఆ పేజీలో చెయ్యి అన్న మాటే లేదు. మా అక్క కూతురికి పంపాను, ఇంకా ఏమీ అనలేదు. ఇరవై మూడో అధ్యాయంలోకి వచ్చేసిందని మాత్రం మెసేజ్ పెట్టింది.